మూత వేసినా మెరిసిన గీత

మీరు కాఫీ తాగుతూ ఇది చదువుతున్నట్టయితే ముందు గ్లాసు కింద పెట్టండి. రాజోలు దగ్గర ఒక కొబ్బరికాయల షెడ్డులో, మైకు ముందు నిలబడి, ఊరందరి సమక్షంలో సూర్యభగవానుడికి నేను చేసిన అపచారం గురించి చెప్పబోతున్నాను. ఆయన ఆ తర్వాత కూడా రోజూ ఉదయిస్తూనే ఉన్నాడు, అది ఆయన పెద్దమనసు. నాకు మాత్రం ఆ శనివారం గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

అప్పటికి నేను పరిశోధనలో చేరి మూడో ఏడు. ఏం పరిశోధన అని అడగండి, భయపడకుండా వినండి. సూర్యుడి నుంచి మన కంటికి కనిపించని కాంతి ఒకటి వస్తుంది. అతినీలలోహితం అని చిన్నప్పుడు చదువుకున్నాం కదా, దానికి కూడా అవతలిది. దాన్ని మన గాలి కిందికి రానివ్వదు కాబట్టి ఒక పరికరాన్ని ఉపగ్రహంలో పెట్టి పైకి పంపారు. అది ఆ కాంతిని ఇంద్రధనుస్సులాగా విడదీసి, మీ ఫోన్ కెమెరాలో ఉండేలాంటి ఒక బిళ్ళ మీద పడేస్తుంది. బిళ్ళ నిండా లక్షల కొద్దీ సన్నటి గళ్ళు. సూర్యుడి మీద ఇనుము ఆవిరై వెలిగితే ఒక చోట నిలువు గీత పడుతుంది, సిలికాన్ వెలిగితే ఇంకో చోట పడుతుంది. ఆ గీతలు చూసి అక్కడ వేడి ఎంత, ఆవిరి ఎటు కదులుతోంది అని చెప్పడం మా పని. హస్తసాముద్రికమే అనుకోండి, కాకపోతే చెయ్యి సూర్యుడిది.

మూడో అధ్యాయం ప్రశాంతంగా రాసుకోమని మా గైడు మేడమ్ మూడు వారాలు ఇంటికి పంపింది. ఒక ఉదయం వరండాలో కూర్చుని పని చేసుకుంటున్నాను. అమ్మ పక్కనే పనసపొట్టు కొడుతోంది. రెండు ఇనుము గీతల మధ్య ఇంకో గీత కనిపించింది. తెలిసిన గీతల పట్టిక తీశాను. ఆ చోట ఏ మూలకమూ లేదు. ఇంకో రోజు డేటా తీశాను. అక్కడా ఉంది. నాకు ఒళ్ళు జలదరించింది.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి, ఎందుకంటే నా తెలివితేటలు బయటపడేది ఇక్కడే. మిగతా గీతలన్నీ నాలుగైదు గళ్ళ వెడల్పున్నాయి. నాది ఒక్కటే గడి. 'ఎంత చల్లటి, ఎంత నిర్మలమైన ఆవిరో' అని నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఉపగ్రహం వేడెక్కి చల్లారినప్పుడల్లా మిగతా గీతలన్నీ కలిసి కొంచెం పక్కకి జరుగుతాయి. నాది కదల్లేదు. 'అంతటా కల్లోలంగా ఉన్నా ఇది మాత్రం నిశ్చలం' అని రాసుకున్నాను. సూర్యుడి మీద మంటలు లేచినచోటా, ఏమీ లేని ఖాళీచోటా, ఆఖరికి సూర్యుడి అంచు దాటి బయటికి చూసినా దాని వెలుగు ఒకటే. 'సర్వాంతర్యామి' అని రాసి కింద రెండు గీతలు గీశాను. ఆ నోటుపుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది. గర్వం ఎక్కువైనప్పుడు తీసి చదువుకుంటాను.

మేడమ్‌కి ఫోన్ చేశాను.

"మేడమ్, కొత్త గీత ఒకటి దొరికిందండి. ఏ పట్టికలోనూ లేదండి."

మా మేడమ్‌ది కర్నూలు. మాట తక్కువ, ఉన్న మాట సూటి.

"డార్కులు చూశావా?" అంది.

డార్కులంటే చెప్తాను. పైనున్న పరికరానికి వయసు మీద పడేకొద్దీ బిళ్ళలో కొన్ని గళ్ళు చెడిపోతుంటాయి. వెలుగు పడకపోయినా పడ్డట్టు మెరుస్తుంటాయి. వాటిని పట్టుకోవడానికి అడపాదడపా మూత వేసేసి, సూర్యుడి వెలుగు ఒక్క చుక్క కూడా లోపలికి రాకుండా ఫొటోలు తీస్తారు. ఆ చీకటి ఫొటోలే డార్కులు. చీకట్లో కూడా మెరిసేది ఏదైనా ఉంటే అది సూర్యుడిది కాదు, బిళ్ళది. మొదటి ఏడు మొదటి వారంలో నేర్పే పాఠం ఇది.

నేను చూడలేదు. చూడలేదని చెప్పడానికే నోరు తెరిచాను. కానీ మా కోనసీమ సంగతి మీకు తెలియాలి. పెద్దవాళ్ళు అడిగినదానికి లేదని చెప్పడం మా ఇళ్ళల్లో ఎవరూ నేర్పరు. "మొక్కలకి నీళ్ళు పెట్టేవా" అంటే "ఆయ్, పెట్టేనండి" అనేసి, వాళ్ళు అటు తిరగ్గానే బిందె పట్టుకుని పరిగెత్తుతాం. ముందు మర్యాద, తర్వాత పని. ఇరవై ఆరేళ్ళుగా ఆ పద్ధతి నన్ను ఒక్కసారీ ముంచలేదు.

"ఆయ్, చూశానండి," అన్నాను.

మధ్యాహ్నం చూసేద్దామనే అనుకున్నాను, ఒట్టు. కానీ మధ్యాహ్నం ఆవపెట్టిన పనసపొట్టు కూర తిన్నాను. ఆ కూర రెండుసార్లు వడ్డించుకున్న మనిషి చీకటి చూడాలంటే కళ్ళు మూసుకుంటే చాలు. సాయంత్రం లేచేసరికి చూసేశాననే నమ్మకం నాకే కుదిరిపోయింది.

"సరే," అంది మేడమ్ మర్నాడు. "శనివారం నాలుగింటికి ఆ పరికరం తయారుచేసినవాళ్ళ ముందు నా ప్రసంగం ఉంది. నీ గీత ఒక స్లైడు పెడుతున్నాను. నీ పేరుతోనే. నువ్వు చూశానన్నావు కాబట్టి నేను మళ్ళీ చూడను."

ఆ ఆఖరి వాక్యం అప్పుడు నా చెవికి పొగడ్తలా వినిపించింది.

ఈలోగా అమ్మ పెదనాన్నగారికి చెప్పింది. మా పెదనాన్నగారిది కొబ్బరికాయల వ్యాపారం. ఆయనకి ఒక మాట చెప్తే రాజోలు నుంచి కాట్రేనికోన దాకా ఎక్కడ కొబ్బరి దింపు జరుగుతుంటే అక్కడికి చేరుతుంది. గంటలో షెడ్డు నుంచి వచ్చేశారు.

"అమ్మాయ్ వరం, సూర్యుళ్ళో గీత కనిపెట్టేవంట?"

"ఆయ్, అవునండి పెదనాన్నగారూ. కాకపోతే ఇంకా ఖరారు కాలేదండి."

"ఖరారు సంగతి మేం చూసుకుంటాం కదమ్మా. శనివారం సాయంత్రం అయిదింటికి మన షెడ్డులో నీకు సన్మానం. కాయలన్నీ ఓ పక్కకి సర్దిస్తన్నాను. వంటవాళ్ళకి చెప్పేసేను."

వంటవాళ్ళకి చెప్పేశారంటే ఇక మా వైపు దానికి తిరుగులేదు. పెళ్ళి ఆగినా ఆగుతుందేమో గానీ భోజనాలు ఆగవు.

ఆ రెండు రోజులూ మా వరండా ఖాళీ లేదు. గీత ఎంత పొడుగుంటుందని ఒకరు, అది పొడుచుకొచ్చాక ఎండలు పెరుగుతాయా అని ఒకరు. ఉప్పలగుప్తం నుంచి మా బంధువు ఒకాయన పని కట్టుకుని వచ్చాడు. ఆయనకి రొయ్యల చెరువులున్నాయి.

"ఆ గీత వల్ల నీళ్ళు వేడెక్కడం గట్రా ఏవన్నా ఉంటాదా అమ్మా? ఉంటే ఇప్పుడే రొయ్యలన్నీ పట్టించి అమ్మేస్తాను."

"ఏం పర్లేదండి బాబాయిగారూ. అది చాలా చల్లటి గీతండి," అన్నాను, సూర్యుడి తరఫున హామీ ఇస్తున్నట్టు.

శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక పెదనాన్నగారు నన్ను రాజోలు పంపారు, ఫ్లెక్సీ చూసి తప్పులేమన్నా ఉంటే చెప్పమని. ఆటో దిగి షాపులోకి వెళ్ళాను. షాపు సత్తిబాబుగారిది. సన్నగా, మెడలో టేపు వేసుకుని, ఎంత తొందరలో ఉన్నా అండీ మర్చిపోని మనిషి. ఎనిమిదడుగుల ఫ్లెక్సీ గోడకి వేలాడుతోంది. కుడివైపు చేతులు జోడించి పెదనాన్నగారు. ఎడమవైపు సూర్యుడు, సూర్యుడి మధ్యలో నేను. 'సూర్యునిలో నూతన రేఖను కనుగొన్న మా ఆడపడుచు చి. వరలక్ష్మికి శుభాభినందనలు'. నా కళ్ళు చెమర్చాయి. ఆ చెమర్చిన కళ్ళతోనే చూశాను. నుదుటి నుంచి ముక్కు మీదుగా గడ్డం దాకా నిలువునా ఒక తెల్లటి గీత.

"సత్తిబాబుగారూ, ఇదేంటండి, నా ముక్కు మీద గీత?"

"అదాండీ. అది మీది కాదండి, మెషీన్‌దండి."

"అంటే?"

"రోలరుకి చిన్న గంటు పడిందండి. ఏ ఫ్లెక్సీ తీసినా ఎడమంచుకి మూరెడు లోపల, సరిగ్గా అక్కడే పడుద్దండి. ఇలా రండి, చూపిస్తాను."

ఒక్కో చుట్టా విప్పి చూపించాడు. పెళ్ళి ఫ్లెక్సీలో గీత పెళ్ళికొడుకు చెవి మీద పడింది. పుట్టినరోజు ఫ్లెక్సీలో ఎవరో నాయకుడి మీసాన్ని రెండు చేసింది. శ్రద్ధాంజలి ఫ్లెక్సీలో ఒక తాతగారి కళ్ళజోడు మీద. రొయ్యల మేత ప్రకటనలో రొయ్య నడుం మీద. అన్నింటికీ ఒకటే చోటు, ఒకటే మందం.

"మనిషెవరైనా ఒకేలా పడుతుందా అండి?" అన్నాను.

"మనిషైనా రొయ్యైనా దానికేం తెలుసండి? ఫొటో మారుద్ది గానీ గీత మారదండి."

ఫొటో మారుతుంది గానీ గీత మారదు. మంటలున్నచోటా, ఖాళీచోటా, అంచు బయటా. ఒకే చోటు, ఒకే మందం. పక్కన ఉన్న బల్ల పట్టుకున్నాను.

"మరి సత్తిబాబుగారూ, గీత ఫొటోలోది కాదు, మెషీన్‌దేనని మీకెలా తెలిసిందండి?"

"అదెంత పనండి? రంగు పొయ్యకుండా ఉత్త గుడ్డ నడిపి చూసేనండి. ఉత్త గుడ్డ మీద కూడా నొక్కుడు గీత పడింది. ఇంక ఫొటోని అనుమానించడం దేనికండి? రోజూ షాపు తియ్యగానే మొదట ఉత్త గుడ్డే నడుపుతానండి. ఎవరైనా చేసే పనే కదండీ."

ఎవరైనా చేసే పనే. సత్తిబాబుగారు రోజూ పొద్దున్నే షాపు తీసి డార్కులు చూసుకుంటున్నాడు. సూర్యుడి మీద అధ్యాయం రాస్తున్న నేను కూర తిని పడుకున్నాను. టైము రెండున్నర. నాలుగింటికి మా మేడమ్, ఆ పరికరాన్ని చేతులతో బిగించినవాళ్ళ ముందు నిలబడి, వాళ్ళ బిళ్ళలో పాడైన గళ్ళని వాళ్ళకే కొత్త గీత అని చూపించబోతోంది. ముప్పై ఏళ్ళుగా మాట తూకం వేసి మాట్లాడిన మనిషి. నా మాట నమ్మి.

"ఏంటండీ, అలా అయిపోయేరు?" అన్నాడు సత్తిబాబు కంగారుగా. "గీత గురించాండీ? కనపడకుండా చేసేద్దామండి. ఫొటో మీదుగా నిండుగా ఓ పూలదండ వేలాడదీసేస్తే..." అని, తనే తడబడి ఆగాడు. "వద్దులెండి. ఫొటోకి దండేస్తే బాగోదండి."

నాకైతే ఆ క్షణంలో దండే సబబుగా తోచింది.

ఆటోలో ఇంటికి చేరేసరికి మూడు. ఇంటి ఎదురుగా షెడ్డులో మైకు పరీక్ష చేస్తున్నారు. కొబ్బరికాయలు గోడవారగా గుట్టలు పోసి, మధ్యలో కుర్చీలు వేశారు. పులిహోర తాలింపు వాసన వీధి దాకా వస్తోంది. నేను ఎవరి వైపూ చూడకుండా వెళ్ళి లాప్‌టాప్ తెరిచాను. డార్కులు తీశాను. తెర నిండా నల్లగా చీకటి. ఆ చీకటి నడుమ, ఎవరి అండా లేకుండా, నిటారుగా నా గీత. మూత వేసి ఉంది. సూర్యుడు లేడు. అయినా ఉంది. సూర్యుడితో ఉన్నప్పటికంటే ఒంటరిగా ఇంకా అందంగా కూడా ఉంది. సర్వాంతర్యామి అని రాసుకున్నది తప్పు కాదు, అది నిజంగానే అన్నిచోట్లా ఉంది.

మేడమ్‌కి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. అమ్మ వచ్చి పట్టుచీర మంచం మీద పెట్టి వెళ్ళింది. మూడోసారికి ఎత్తింది.

"చెప్పు. ఇంకో అరగంటలో హాల్లోకి వెళ్ళాలి."

"మేడమ్, ఆ స్లైడు తీసెయ్యండి. గీత డార్కుల్లో కూడా ఉందండి."

"చూశానన్నావు కదా?"

"చూడలేదండి."

"మరి ఎందుకన్నావు?"

ఎందుకన్నానో చెప్పాలంటే గోదావరి పుట్టుక నుంచి చెప్పాలి. "మీరు అడిగితే లేదనలేకపోయానండి," అన్నాను. ఏడుపు ఆగలేదు.

ఆమె జవాబు చెప్పేలోపే మనసులో నా చదువంతా మూటగట్టి ఆటో ఎక్కించేశాను. తర్వాత కీబోర్డు మీద ఒకే ఒక టక్ మన్న శబ్దం.

"తీసేశాను," అంది. "తప్పు గీత చూపించడం పెద్ద విషయం కాదు, అందరం చూపిస్తాం. నువ్వు చూశానంటే నేను చూడక్కర్లేదు అనుకున్నాను చూడు, అది పోయింది. అది మళ్ళీ సంపాదించుకోవడానికి టైము పడుతుంది."

"అలాగేనండి."

"ఇంకొకటి. ఇది మీ ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు కదా?"

కిటికీలోంచి చూస్తున్నాను. నా వెనకే వచ్చిన సత్తిబాబు నిచ్చెనెక్కి ఎనిమిదడుగుల ఫ్లెక్సీ కడుతున్నాడు. మైకులో నా పేరు మూడుసార్లు మోగింది.

"ఆయ్, చెప్పలేదండి," అన్నాను.

నోటి నుంచి వచ్చేసింది. నేను అనలేదు, మా తాతముత్తాతలు అన్నారు. మేడమ్ ఫోన్ పెట్టేసింది.

అయిదింటికి నన్ను తీసుకెళ్ళి వేదిక మీద కూర్చోబెట్టారు. వెనకాల ఫ్లెక్సీలో నా ముక్కు రెండుగా చీలి ఉంది. పెదనాన్నగారు పావుగంట మాట్లాడారు. మా వంశంలో సూర్యుడి మీద మొదటినుంచీ పట్టు ఉందనీ, తాతగారు ఎండలో గొడుగు వేసేవారు కాదనీ చెప్పారు. తర్వాత మైకు నాకిచ్చారు. ఎదురుగా ఆశగా చూస్తున్న ముఖాలు. ఇంకో ఆయ్ అనేసి కూర్చుంటే అయిపోతుంది. పులిహోర తిని అందరూ సంతోషంగా ఇళ్ళకి పోతారు. కానీ మేడమ్ మాట చెవిలోంచి పోవడం లేదు.

"గీత లేదండి," అన్నాను.

మైకు ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాను.

"సూర్యుడిలో ఏ గీతా లేదండి. కెమెరాలో గళ్ళు పాడయ్యాయండి. మూత వేసి చూస్తే తెలిసిపోయేది. చూడలేదండి. చూశానని అబద్ధం చెప్పానండి. ఇందాక రాజోలులో సత్తిబాబుగారు ఉత్త గుడ్డ నడిపిన సంగతి చెప్పకపోతే ఇప్పటికీ నాకు తెలిసేది కాదండి."

పెదనాన్నగారి చేతిలో విప్పిన శాలువా అలాగే ఆగిపోయింది. నా వైపు చూశారు, ఫ్లెక్సీ వైపు చూశారు, వంటల వైపు కూడా చూశారు. ముందుగా తేరుకున్నది ఉప్పలగుప్తం బాబాయిగారు.

"అయితే మా చెరువులకేం ఇబ్బంది లేదన్నమాట," అన్నాడు, గుండెల మీద చెయ్యేసుకుని.

పెదనాన్నగారు గొంతు సవరించుకున్నారు. శాలువా తెచ్చేక కప్పకుండా వెనక్కి పట్టుకెళ్ళడం ఆయన జీవితంలో లేదు. "సత్తిబాబూ, ఎక్కడున్నావయ్యా? ఓసారి ఇలా రా," అన్నారు. నిచ్చెన దగ్గర నిలబడ్డ సత్తిబాబు బెదురుగా వచ్చాడు. అతని భుజాల చుట్టూ శాలువా కప్పేసి, "గీత ఎవరిదో తేల్చినోడు ఇతనండి," అని ప్రకటించారు. చప్పట్లు మోగాయి. సత్తిబాబు శాలువా అంచు పట్టుకుని చూసుకున్నాడు.

"గీత పడిందని ఫ్లెక్సీ మొహాన కొట్టినోళ్ళనే చూసేను గానీండి, గీత పడిందని శాలువా కప్పినోళ్ళు మీరేనండి," అన్నాడు.

అందరూ భోజనాలకి లేచారు. కొంచెం ఊపిరి తీసుకున్నాను. పెదనాన్నగారు నా పక్కకి వచ్చి భుజం తట్టారు.

"పోన్లేమ్మా, బెంగపెట్టుకోకు. మీ మేడమ్ గారు రాలేకపోయినా చాలా బాగా మాట్లాడేరు."

నాకు అర్థం కాలేదు. "మేడమ్ మీతో ఎప్పుడు మాట్లాడారండి?"

"పొద్దున్నేనమ్మా. నీ గురువుగారిని పిలవకపోతే ఏం మర్యాద? మీ అమ్మ ఫోన్లో నెంబరు తీసుకుని నేనే స్వయంగా పిలిచేను. సత్తిబాబు తీసిచ్చిన ఫ్లెక్సీ ఫొటో కూడా పంపేను. చాలా సంతోషించేరు."

పొద్దున్నే. అంటే 'మీ ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు కదా' అని ఆమె అడిగేసరికి ఎనిమిదడుగుల నేను ఆమె ఫోన్లో ఉన్నాను. అప్పుడే నా ఫోన్ మోగింది. మేడమ్ పంపిన ఫొటో. ఫ్లెక్సీలో నా ముఖం, పెద్దది చేసి, ముక్కు మీద గీత చుట్టూ ఎర్రటి సున్నా చుట్టి ఉంది. కింద ఒకే వాక్యం.

'దీనికైనా డార్కులు చూశావా?'

చాలాసేపు టైపు చేసి చెరిపాను. ఆఖరికి, 'నేను చూడలేదండి. సత్తిబాబుగారు చూశారండి' అని రాశాను. నా పరిశోధన జీవితంలో ముందు ఆయ్ అనకుండా మేడమ్‌కి నేరుగా లేదని చెప్పిన మొదటి సమాధానం అది.

'రేపటి నుంచి ఆయన్ని నీ గైడుగా పెట్టుకో,' అని వచ్చింది. కాసేపాగి, 'సోమవారం రా. మూడో అధ్యాయం మళ్ళీ మొదలుపెడదాం,' అని ఇంకోటి వచ్చింది. నేను కొబ్బరికాయల గుట్ట వెనక్కి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నాను.

కాబట్టి పాఠకులారా, పైనున్న సూర్యుడి సాక్షిగా, ఆయన అంగీకరిస్తే, ప్రతిజ్ఞ చేస్తున్నాను. మూత వేసి చూడనిదే ఇక ఏ వెలుగునూ నమ్మను. ఉత్త గుడ్డ నడపనిదే ఏ గీతకూ పేరు పెట్టను. పనసపొట్టు కూర తిన్న రోజున శాస్త్రం జోలికి పోను. పెద్దవాళ్ళు అడిగినప్పుడు చూడనిది చూశానని చచ్చినా అనను. ఇదంతా రాసి నిన్న మేడమ్‌కి చదివి వినిపించాను.

"బాగుంది," అంది. "అచ్చుతప్పులు చూసుకున్నావా?"

"ఆయ్, చూశానండి," అన్నాను.